టెన్షన్ అనే ఒక్క మాట వెనక మూడు సంగతులు

రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్ టింగుమంది. పై అధికారి మెసేజ్: "రేపు రాగానే ఒకసారి కలవండి." అంతే. ఎందుకో లేదు. చదివినాయనకి గుండె గుభేలుమంది, నోరు ఎండిపోయింది, అప్పటిదాకా ఆవలిస్తున్నవాడికి నిద్ర ఎగిరిపోయింది. పన్నెండు దాటినా సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తూనే ఉన్నాడు. మర్నాడు ఎవరైనా అడిగితే "రాత్రంతా ఒకటే టెన్షన్" అంటాడు.

ఇందులో టెన్షన్ ఏది? ఆ మెసేజా? గుండె దడా? ఫ్యాన్ చూస్తూ అల్లుకున్న ఊహలా? మూడింటినీ మనం ఒకే మాటతో పిలిచేస్తాం. ఫోన్ తెరిస్తే చాలు, కార్టిసాల్ అనే హార్మోన్‌ను తగ్గించే పొడులని, అయిదు నిమిషాల చిట్కాలని వరసపెట్టి వచ్చిపడుతున్నాయి. వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి. కానీ ఏది ఈ మూడింటిలో దేనిమీద పనిచేస్తుందో తెలియకపోతే మంచి సలహా కూడా ఉత్తదే అనిపిస్తుంది.

మాట ఎక్కడిదంటే

ఇనుప కడ్డీ మీద బరువు పడితే ఇంజినీర్లు రెండు మాటలు వాడతారు. కడ్డీ మోస్తున్న ఒత్తిడి స్ట్రెస్. దానివల్ల కడ్డీ సాగడమో వంగడమో స్ట్రెయిన్. కారణానికి ఒక పేరు, ఫలితానికి ఒక పేరు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా కొట్టుకుపోయింది. దానికి కొంత బాధ్యత హాన్స్ సెల్యేది. ఆయన 1907లో వియన్నాలో పుట్టి, కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధన చేసిన వైద్య శాస్త్రవేత్త.

సెల్యే మొదట వెతికింది కొత్త హార్మోన్ కోసం. అండాశయాల నుంచి తీసిన రసాన్ని ఎలుకలకు ఎక్కించి చూస్తే మూడు మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుళ్ళు పడ్డాయి. దొరికిందనుకున్నాడు. తీరా చూస్తే వేరే అవయవాల రసం ఎక్కించినా అవే మార్పులు. ఫార్మలిన్ అనే ఘాటు రసాయనం ఎక్కించినా అంతే, చలిలో ఉంచినా అంతే, అలసిపోయేదాకా కదిలించినా అంతే. హార్మోన్ ఆశ పోయింది గానీ, అంతకన్నా పెద్ద ఆలోచన చేతికి వచ్చింది. దెబ్బ ఏదైనా ఒళ్ళు ఒకే మూసలో స్పందిస్తోంది! 1936లో నేచర్ పత్రికకు రాసిన చిన్న లేఖలో ఈ సంగతి చెప్పాడు. ఆ స్పందనకే తర్వాత స్ట్రెస్ అని పేరు పెట్టాడు. నిజానికి అది స్ట్రెయిన్ అవ్వాలి. తన ఇంగ్లీషు అప్పట్లో అంతంతమాత్రమని, లేకపోతే ఆ మాటే వాడేవాణ్ణని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడంటారు. అప్పటికే ఆలస్యమైపోయింది. కారణానికి స్ట్రెసర్ అని ఇంకో మాట పుట్టించాల్సి వచ్చింది.

మన ఒత్తిడికీ ఇదే చిక్కు. మాట పుట్టింది ఒత్తు నుంచి. ఒత్తేది బయట ఉంటుంది, నలిగేది లోపల. "ఈమధ్య ఒత్తిడి ఎక్కువైంది" అంటే పని పెరిగిందా, ఒళ్ళు తట్టుకోవడం లేదా తెలియదు. అందుకని ఈ వ్యాసం వరకు మూడు పేర్లు పెట్టుకుందాం. బయటి నుంచి పడేది భారం. ఒంట్లో జరిగేది స్పందన. ఈ రెంటికీ మధ్య మనసు వేసే లెక్క అంచనా.

ఒంట్లో ఏం జరుగుతుంది

మెసేజ్ చదివిన క్షణంలో మొదట కదిలేవి నాడులు. వాటితోపాటే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను వదులుతుంది, రక్తం జీర్ణకోశం నుంచి కండరాల వైపు మళ్ళుతుంది. లాలాజలం తగ్గుతుంది, అందుకే నోరు ఎండిపోవడం. హార్వర్డ్‌లో పనిచేసిన వాల్టర్ కానన్ 1915లోనే దీన్ని పోరాడటానికో పారిపోవడానికో ఒళ్ళు చేసుకునే సన్నాహం అన్నాడు. ఈ రెండూ కాక ఇంకోటి కూడా ఉంది. దాన్ని మనవాళ్ళు ఎప్పటినుంచో "కాళ్ళూ చేతులూ ఆడలేదు" అంటూనే ఉన్నారు.

రెండో వ్యవస్థ నిదానం. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది, అది అడ్రినల్ గ్రంథికి చెబుతుంది, అక్కడినుంచి కార్టిసాల్ వస్తుంది. సంఘటన మొదలైన ఇరవై ముప్పై నిమిషాలకు గానీ అది గరిష్ఠానికి చేరదు. శక్తి చాలేలా చక్కెర అందించడం, వాపును అదుపులో పెట్టడం దాని పని. ఇంకో ముఖ్యమైన పని కూడా ఉంది: మెదడుకు తిరిగి వెళ్ళి "ఇక చాలు" అని చెప్పడం. అంటే స్పందనను ఆపే మీట కూడా కార్టిసాల్ చేతిలోనే ఉంది.

కాబట్టి కార్టిసాల్ విషం అన్నట్టు చేసే ప్రచారం సరికాదు. దానికి రోజూ ఒక లయ ఉంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో బాగా ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువ. మనల్ని మంచం దింపడంలో దానికీ పాత్ర ఉంది. అడిసన్ వ్యాధిలో అది సరిపడా తయారవదు. చికిత్స లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ముఖం గుండ్రంగా ఉబ్బేంత కార్టిసాల్ పెరగడమూ ఉంది, అది కుషింగ్ సిండ్రోమ్. ఎక్కువగా దీర్ఘకాలం స్టెరాయిడ్ మందులు వాడటం వల్ల, అరుదుగా గ్రంథుల్లో కణితుల వల్ల వస్తుంది. ఆఫీసు పని వల్ల కాదు.

అసలు ఇబ్బంది కార్టిసాల్ పెరగడంలో లేదు, దిగకపోవడంలో ఉంది. కుక్క వెంటపడితే పరిగెత్తుతాం. సందు మలుపు తిరిగాక అది ఆగిపోతుంది, కాసేపటికి మన ఒళ్ళూ కుదుటపడుతుంది. కానీ "రేపు రాగానే" అన్న కుక్క రాత్రంతా మొరుగుతూనే ఉంటుంది. ఊహించిన ప్రతిసారీ ఒళ్ళు కొంత మళ్ళీ సిద్ధమవుతుంది. ఇలా రోజుల తరబడి, ఏళ్ళ తరబడి జరిగితే కలిగే అరుగుదలకి బ్రూస్ మెక్‌ఈవెన్, ఎలియట్ స్టెల్లార్ 1993లో అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. రక్తపోటు, రక్తంలో చక్కెర, నడుం చుట్టుకొలత, నిద్ర, ఇవన్నీ తలా కాస్త పక్కకు జరగడం అన్నమాట.

ఒళ్ళు ఇదంతా చేస్తూ మనకి చెబుతుందా అంటే, అన్నిసార్లూ చెప్పదు. ఒకసారి వారం రోజులు నాకు పొద్దున్నే దవడ నొప్పి. పన్ను పుచ్చిందనుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆయన అద్దం పెట్టి చూసి, ఒక పన్ను మీద వేలు పెట్టి, "ఇక్కడ అంచు అరిగింది చూశారా, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నారు" అన్నాడు. ఈమధ్య టెన్షన్లేమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నాను. అబద్ధం ఆడలేదు, నాకు తెలియదంతే.

అదే మెసేజ్ ఇంకొకరికి వస్తే

పక్క సీటు ఆవిడకి కూడా అదే మెసేజ్ వచ్చిందనుకుందాం. ఆవిడ ప్రమోషన్ కోసం ఎదురుచూస్తోంది. గుండె ఆవిడకీ కొట్టుకుంటుంది, నిద్ర ఆవిడకీ ఆలస్యమవుతుంది. కానీ ఆ రాత్రి పేరు టెన్షన్ కాదు, ఆత్రం. మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో చెప్పింది ఇదే. భారానికీ స్పందనకీ మధ్య మనసు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది నాకు ముప్పా? అయితే తట్టుకునే శక్తి నా దగ్గర ఉందా? మొదటిదానికి అవును, రెండోదానికి లేదు అని జవాబు వస్తేనే మనం ఒత్తిడి అనేది మొదలవుతుంది.

అంతకుముందు ఆలోచన వేరుగా ఉండేది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే జీవితంలోని 43 సంఘటనలకు మార్కులు వేసి ఒక పట్టిక చేశారు. భార్యో భర్తో చనిపోతే 100, విడాకులకు 73, పెళ్ళికి 50. పెళ్ళికి కూడా మార్కులున్నాయని నవ్వుకోనక్కర్లేదు. మంచి మార్పుకైనా సర్దుబాటు తప్పదనేదే వాళ్ళ వాదన. కానీ కొందరికి విడాకులు గుండె పగిలే సంగతి, మరికొందరికి ఊపిరి అందిన సంగతి. ఇద్దరికీ అదే 73 అంటే లెక్క కుదరదు.

అయితే అంచనా సిద్ధాంతాన్ని మరీ లాగితే ఇంకో తప్పు దొర్లుతుంది. "అంతా నీ ఆలోచనలోనే ఉంది" అనే మాట అక్కడి నుంచే వస్తుంది. చేతిలో డబ్బు లేని మనిషి అప్పు వాయిదా తేదీ చూసి కంగారు పడితే అది తప్పుడు ఆలోచన కాదు. సరైన లెక్క.

కొంచెం టెన్షన్ మంచిదేనా

ఈ మాటకి ఆధారంగా ఒక గీత చూపిస్తుంటారు. ఒత్తిడి పెరిగేకొద్దీ పనితీరు కొండెక్కి, ఒక శిఖరం దాటాక దిగిపోతుంది. దీని మూలం 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ చేసిన ప్రయోగం. అందులో ఉన్నవి ఉద్యోగులు కాదు, ఎలుకలు. వెలుగున్న గదేదో చీకటి గదేదో గుర్తుపట్టాలి, తప్పితే కరెంటు షాకు. తేడా సులువుగా తెలుస్తున్నప్పుడు షాకు పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పట్టుకోవడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యరకం షాకే బాగా పనిచేసింది. ఇందులోంచి మనుషులందరికీ వర్తించే ఒకే గీత తీయడం తర్వాతి వాళ్ళ పని. పని చేసేవాళ్ళకన్నా పని చెప్పేవాళ్ళకే ఈ గీత ఎక్కువ ఇష్టమని నా అనుమానం.

అందులో నిలబడే భాగం లేకపోలేదు. వచ్చింది వచ్చినట్టే పోయే ఒత్తిడి చురుకు పుట్టిస్తుంది, ఆ క్షణాన జరిగింది బాగా గుర్తుండేలా చేస్తుంది. బాగా సాధన చేసిన పని టెన్షన్‌లో కూడా చేసేస్తాం. కొత్తగా ఆలోచించాల్సిన పని వచ్చేసరికి బుర్ర మొరాయిస్తుంది. పరీక్ష హాల్లో తెలిసిన లెక్క చకచకా వచ్చి, కాస్త తిప్పి ఇచ్చిన లెక్క దగ్గర చెయ్యి ఆగిపోవడం అందరికీ అనుభవమే.

అల్సర్ విషయంలో ఏం జరిగింది

సెల్యే ఎలుకల కడుపులో పుళ్ళు గుర్తున్నాయి కదా. దశాబ్దాల పాటు కడుపులో పుండు అనగానే డాక్టర్లు టెన్షన్ తగ్గించుకోమనీ, కారం మానమనీ చెప్పేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఆ కడుపుల్లో హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాను గుర్తించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవం తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఎక్కువ అల్సర్లకు కారణం ఆ బాక్టీరియా, లేదంటే కొన్ని నొప్పి మాత్రలు. యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బుకి మనుషులు ఏళ్ళ తరబడి తమ స్వభావాన్ని తిట్టుకున్నారు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ బాక్టీరియా ఉన్నవాళ్ళలో చాలామందికి అల్సర్ రానే రాదు. కొందరికే ఎందుకు వస్తుందన్న దగ్గర ఒత్తిడి మళ్ళీ ఒక సాయపడే కారణంగా తలుపు తడుతుంది.

జబ్బులకీ ఒత్తిడికీ సంబంధం ఉందనడానికి గట్టి ప్రయోగాలూ ఉన్నాయి. షెల్డన్ కోహెన్ బృందం 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసింది. ఒత్తిడి ఎక్కువగా ఉందన్నవాళ్ళకే జలుబు ఎక్కువగా పట్టుకుందని 1991లో ప్రచురించారు. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీలకూ, అలాంటి బాధ్యత లేని 13 మందికీ చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి చూసింది. రెండోవాళ్ళకు సగటున 39 రోజుల్లో మానింది, మొదటివాళ్ళకు దాదాపు 49 పట్టింది.

ఇక్కడే ఒక పక్క సంగతి. సెల్యే పరిశోధనకు పొగాకు కంపెనీల డబ్బు అందిందని ఆ కంపెనీల పాత పత్రాలు బయటికి వచ్చాక తేలింది. గుండె జబ్బుకి కారణం ఒత్తిడి అని ఎంత గట్టిగా వినిపిస్తే సిగరెట్ అంత వెనక్కి జరుగుతుంది మరి.

ఎందుకో తెలిస్తే సగం తగ్గుతుంది

1970ల మొదట్లో జే వైస్ ఎలుకలతో చేసిన ప్రయోగాలు నాకు ఈ అంశం మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తాయి. రెండు ఎలుకలు, రెంటికీ ఒకే షాకు, ఒకేసారి. ఒకదానికి మాత్రం షాకుకు ముందు ఒక శబ్దం వినిపిస్తుంది. ఆ ఎలుకకి కడుపులో పుళ్ళు బాగా తక్కువ. ఇంకో ప్రయోగంలో ఒక ఎలుక చక్రం తిప్పితే షాకు ఆగుతుంది, రెంటికీ ఆగుతుంది. అంటే ఇద్దరికీ తగిలిన దెబ్బ సరిసమానం. అయినా చక్రం తన దగ్గరున్న ఎలుకకే నష్టం తక్కువ.

భారం ఎంత అన్నదొక్కటే కాదు, అది ఎప్పుడొస్తుందో తెలుసా, ఆపడం మన చేతిలో ఉందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయన్నమాట. రాబర్ట్ కారసెక్ 1979లో ఉద్యోగాలకు దీన్నే అన్వయించాడు. పని ఎక్కువగా ఉండటం కన్నా, పని ఎక్కువగా ఉండి దానిమీద తనకే మాత్రం నిర్ణయం లేకపోవడం మనిషిని నలిపేస్తుందన్నాడు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ పరిశోధనల్లో గుండె జబ్బు మరణాలు పెద్ద కుర్చీలవాళ్ళలో కన్నా కింది స్థాయివాళ్ళలోనే ఎక్కువని తేలింది. పొగ తాగడం, రక్తపోటు లాంటివి ఆ తేడాలో కొంతే వివరించాయి.

మన తొమ్మిదిన్నర మెసేజ్‌కి ఇది అన్వయించి చూడండి. "సెలవుల పట్టిక గురించి" అని అధికారి ఇంకో మూడు మాటలు జోడించి ఉంటే భారం అంతే, రాత్రి మాత్రం వేరు.

ఊపిరి, నడక, కాగితం: ఏది దేనిమీద పనిచేస్తుంది

మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూసుకుంటూ నెమ్మదిగా గాలి పీల్చండి. నాడి కాస్త వేగం పుంజుకుంటుంది. ఇంకా నెమ్మదిగా వదలండి. ఒక్కో దెబ్బకీ మధ్య ఎడం పెరగడం చాలామందికి వేలికే తెలుస్తుంది. గాలి వదిలేటప్పుడు మెదడు నుంచి వచ్చే వేగస్ అనే నరం గుండెకి కళ్ళెం బిగిస్తుంది. నిదానంగా ఊపిరి వదిలే పద్ధతులన్నిటి వెనకా ఉన్నది ఇదే, మంత్రం ఏమీ లేదు. ఇది స్పందన మీద పనిచేస్తుంది, భారం మీద కాదు. ఎంత బాగా ఊపిరి తీసినా అప్పు తీరదు. వ్యాయామం కూడా చాలావరకు ఈ వరసే. చేస్తున్నప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి, ఆపాక దిగుతాయి. పెరిగి దిగడం ఒంటికి అలవాటు చేయడం అనుకోవచ్చు.

కాగితం సంగతి వేరు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 57 మంది యువతీయువకుల్లో కొందరు పడుకునే ముందు అయిదు నిమిషాలు రేపటి పనులు రాశారు, మిగతావాళ్ళు అయిపోయిన పనులు రాశారు. రేపటివి రాసినవాళ్ళు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. చిన్న ప్రయోగమే, తొమ్మిది నిమిషాలూ చిన్నవే. మర్చిపోతానేమో అని తలలో తిరుగుతూ ఉండేదాన్ని కాగితానికి అప్పగించడం వల్ల అనుకోవచ్చు.

ధ్యానం మీద రెండు వైపులా అతి మాటలున్నాయి. జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలో రోగుల కోసం మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణ నుంచి ఇది ఆసుపత్రుల్లోకి వచ్చింది. 2014లో 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి చూసిన సమీక్షలో ఆందోళన, దిగులు ఓ మోస్తరుగా తగ్గాయి. వ్యాయామం, మందులు, ఇతర చికిత్సల కన్నా మెరుగని మాత్రం తేలలేదు. కూర్చోవడం ఇష్టం లేనివాళ్ళు నడిస్తే వాళ్ళు పెద్దగా పోగొట్టుకునేదేమీ లేదు.

సిగరెట్ మాటకొస్తే, అది తీర్చే టెన్షన్‌లో చాలావరకు ముందటి సిగరెట్ పెట్టిందే. నికోటిన్ తగ్గినప్పటి చిరాకు, మళ్ళీ తాగగానే పోతుంది.

మారాల్సింది మనిషా, పనా

ఉద్యోగులకు ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు ఇచ్చే సంస్థలు పెరిగాయి. 2024లో విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాధానాలు పరిశీలిస్తే, వాటిలో పాల్గొన్నవాళ్ళు పాల్గొననివాళ్ళ కన్నా మెరుగ్గా ఏమీ లేరు. పనివేళలు, పనిభారం మార్చకుండా మనిషిని మార్చబోతే ఇంతే అన్నది ఒక వాదన. అది ఒక్కసారి అడిగిన సర్వే, అప్పటికే నలిగిపోయినవాళ్ళే ఎక్కువగా చేరి ఉండొచ్చు అన్నది ఎదుటి వాదన. రెండూ ఆలోచించాల్సినవే. నాకు మాత్రం మొదటిదాంట్లో బరువు ఎక్కువ కనిపిస్తుంది. కానీ మార్చలేని భారాలు కూడా ఉంటాయి.

ఒక ఉదాహరణ విప్పి చూద్దాం. ఒకావిడ. తల్లికి మతిమరుపు వ్యాధి, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. పొద్దున తొమ్మిదికి ఆఫీసులో మీటింగ్. మెడ పట్టేసి ఉంటోంది. "అమ్మని సరిగ్గా చూసుకోవడం లేదు" అన్న బాధ ఎప్పుడూ ఉంటుంది. ఎవరినడిగినా రోజూ ఇరవై నిమిషాలు ధ్యానం చేయమంటున్నారు.

తల్లి జబ్బు మార్చలేని భారం. రాత్రి లేవడం అలా కాదు, వారంలో రెండు రాత్రులు తమ్ముడు వచ్చి పడుకుంటే కొంత నిద్రైనా తిరిగొస్తుంది. తొమ్మిది గంటల మీటింగ్ పదికి జరగడం అడిగితే తేలే విషయం. సరిగ్గా చూసుకోవడం లేదన్నది అంచనా. అదే బాధ్యత మోస్తున్న ఇంకొకరితో మాట్లాడితే అది మారే అవకాశం ఎక్కువ. మెడ నొప్పి స్పందన. ధ్యానం, వ్యాయామం లాంటివి పనికొచ్చేది ఈ చివరిదానికీ, మార్చలేని ఆ మొదటిదాన్ని మోయడానికీ. మధ్యలో ఉన్నవాటికి కావలసింది తమ్ముడికి ఒక ఫోన్, ఆఫీసులో ఒక అభ్యర్థన. లాజరస్, ఫోక్‌మన్ ఈ రెండు దారులనూ విడిగానే చూశారు. సమస్య మీద పనిచేయడం ఒకటి, సమస్య పుట్టించే బాధ మీద పనిచేయడం ఇంకొకటి. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని వాళ్ళు అనలేదు.

టెన్షన్ అనుకునేవన్నీ టెన్షన్ కావు

భారం తొలగితే ఒత్తిడి సాధారణంగా నెమ్మదిస్తుంది. పరీక్ష అయిపోయినా, అప్పు తీరినా గుబులు వదలకుండా, దేనిగురించో చెప్పలేకుండా నెలల తరబడి సాగితే అది ఆందోళన రుగ్మత కావచ్చు. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, దిగులుగా, బతకడం దేనికన్న ఆలోచనలతో గడుస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. రెంటికీ చికిత్స ఉంది. బతకడం దేనికన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు లెక్కపెట్టే పని లేదు, అదే రోజు డాక్టర్‌కో దగ్గరి మనిషికో చెప్పాల్సిన సంగతి. బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో చేర్చింది. సత్తువ హరించుకుపోవడం, పని మీద మనసు విరగడం, తను చేసేదానివల్ల ఏమీ కావడం లేదనిపించడం దాని మూడు లక్షణాలు.

ఇక పూర్తిగా వేరే కారణాలు. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తే గుండె దడ, చెమటలు, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ చిరాకు, తిన్నా బరువు తగ్గడం, ఇవన్నీ కనిపిస్తాయి. ఆఖరిది తప్ప మిగతావన్నీ ఎవరికైనా టెన్షన్‌లాగే ఉంటాయి. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. రక్తహీనతలో కూడా మెట్లెక్కితే దడ వస్తుంది. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే అది టెన్షనా కాదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, అవసరమైతే కొన్ని గంటల తేడాతో రెండుసార్లు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఎంతుందో చూస్తారు. రెండోసారి కూడా మామూలుగా ఉంటే అప్పుడు డాక్టరే అడుగుతారు, ఈమధ్య టెన్షన్లేమైనా ఉన్నాయా అని.